కోపం లేని ఫిర్యాదు

జూన్ 3, సోమవారం
చెల్లి ఆన్‌లైన్‌లో కుట్టు మిషను ఆర్డరు పెట్టింది. ఇవాళ పెట్టె వచ్చింది. లోపల అరచేతిలో పట్టే ప్లాస్టిక్ మిషను, పిల్లలు ఆడుకునేది. పాతది మూలపడింది. బడి యూనిఫాంల పని ఒప్పుకుని కూర్చుంది. డబ్బు వెనక్కి రాకపోతే ఇంకోటి కొనలేదు, పని చేజారుతుంది.
"ఎవరికీ చెప్పకక్కా, నవ్విపోతారు," అంది.
ఆ దుకాణం మీద నేనే ఫిర్యాదు చేస్తాను. ఈ వారంలోనే. నియమం ఒక్కటే. కోపంతో రాసింది పంపను.

జూన్ 4, మంగళవారం
చెల్లెలి భర్త కంప్యూటర్లు బాగుచేస్తాడు. సైటు ఎవరి పేరు మీద నమోదైందో తీశాడు.
"నలభై ఏళ్ల నమ్మకం అని రాసుకున్నారు కదా వదినా. సైటు పుట్టి నెల కూడా కాలేదు."
యజమాని పేరు: యజమాని. వీధి: వీధి. ఊరు: ఊరు. ఫోను నంబరంతా తొమ్మిదులే.
"పాపం, కన్నవాళ్లు పేరు కూడా పెట్టలేదు," అంది చెల్లి. నిన్నటి నుంచి ఇప్పుడే నవ్వింది.
సైటు పేరు నమోదు చేసిన కంపెనీకి ఫిర్యాదు పంపాలట. ఆ రసీదు చూపిస్తే బ్యాంకు డబ్బు వెనక్కి ఇప్పిస్తుందట.
చాలా రాశాను. తిరిగి చదివితే వాక్యానికో తిట్టు. అంటే కోపం ఉన్నట్టే. పంపలేదు.

జూన్ 5, బుధవారం
ప్రార్థన చేసుకుని మళ్లీ చదివాను. "దొంగలు" కొట్టేశాను. "దగాకోరులు" కూడా. "సిగ్గులేని" ఉంచాను. భోజనం తరువాత అదీ తీసేశాను.

జూన్ 6, గురువారం
తలనొప్పి. పంపలేదు. పైగా ఆ వీధి లేని మనిషికీ పిల్లలుంటారేమో. "మోసం" తీసి "పొరపాటు" అని పెట్టాను.
"ఎంతవరకొచ్చిందక్కా?"
"మెత్తబడుతోంది."
"మెత్తబడ్డమేంటి, అదేమన్నా బంగాళాదుంపా?"

జూన్ 7, శుక్రవారం
మనసు నిర్మలంగా ఉంది. పంపాను. నాలుగు వాక్యాలు.
పెట్టె సకాలంలో అందింది. ప్యాకింగు చక్కగా ఉంది. మిషను మేము అనుకున్నదానికన్నా కాస్త చిన్నది. మీ కుటుంబం చల్లగా ఉండాలి.
చెల్లికి చూపించలేదు.

జూన్ 10, సోమవారం
కంపెనీ జవాబు వచ్చింది. "మీ సందేశాన్ని దుకాణం వారికి పంపాము. ఇందులో ఫిర్యాదేమీ కనిపించలేదు. ధన్యవాదాలు."
అంటే రసీదు లేదు.

జూన్ 11, మంగళవారం
పక్కింటి నర్సు వచ్చింది.
"పెద్దక్కా, మీరు మెచ్చుకున్న దుకాణంలోనే నేనూ కొందామనుకుంటున్నా."
ఫోను చూపించింది. సైటు మొదటి పేజీలో నా మాటలు, కింద నా పేరు, పక్కన ఐదు నక్షత్రాలు. మూడో వాక్యం మాత్రం లేదు.
"కొనకు తల్లీ. వాళ్లు మోసగాళ్లు."
"అదేంటి, మీరే రాశారుగా?"
చెల్లి వెనక నుంచి చదివింది. "వాడి కుటుంబం చల్లగా ఉండాలా? మరి మనదో?"


జూన్ 12, బుధవారం
మళ్లీ మొదలు. నియమం మార్చాను. ఒక్క మాటా కొట్టేయను.
లేవగానే రాశాను. పెట్టె ఫోటో, ఊరు పేరు "ఊరు" అన్న నమోదు వివరాలు జతచేసి పంపేశాను. మధ్యాహ్నానికి రసీదు వచ్చింది. మరిది దాన్ని బ్యాంకుకి పట్టుకెళ్లాడు.
చెల్లి అప్పుడు తీరిగ్గా చదివింది. చదివి నా వంక చూసింది.
"అక్కా, నీకింత కోపముందా?"
"రెండో పేజీ కూడా ఉంది."