సంతోషమ్మ మెస్సు మీద సాక్ష్యాలు

బేతంచెర్ల

జెస్సీకి,

పొయ్యి పక్కన కూచుని మీ మేనత్త సంతోషమ్మ పంపే వందనాలు. ఫోన్లో రాస్తే ఊరంతా చదువుతుందని ఈమధ్యే తెలిసింది కాబట్టి కాగితం మీద రాస్తున్నా.

మొన్న సెలవులకు వచ్చి నా మెస్సును ఫోన్ మ్యాపులో పెట్టిపోయావు. అప్పుడు సంతోషించాను. ఇప్పుడు భూపేష్ అనేవాడెవడో దాని కింద "ఉగ్గాని చల్లగా ఉంది, బజ్జీలో కారం ఎక్కువ" అని రాసి ఒకే ఒక్క నక్షత్రం వేశాడు. రైలు దిగినవాళ్లు నా బోర్డు చూస్తారు, ఫోన్ చూస్తారు, మళ్లీ నన్ను చూస్తారు, జాలిగా. ఎదురు హోటల్లోకి పోతారు. ఇట్లాగే సాగితే మెస్సు మూసుకోవాల్సిందే. గది ఓనరు గిడ్డయ్య రోజూ వచ్చి గోడలు కొలుస్తున్నాడు. "ఏంటికప్పా కొలుస్తాండావు?" అంటే, "ఊరికేనమ్మా, పాలిష్ బండల కొట్టు పెడితే ఎన్ని పడతాయో అని" అంటాడు.

పెట్టింది నువ్వే. ఆ మాట నువ్వే తీసెయ్.

మీ అత్త,
సంతోషమ్మ

తా.క.: ఉగ్గాని చల్లగా ఉన్నమాట నిజమే. వాడు దాన్ని ముందు పెట్టుకుని ఫోటోలు తీస్తూ కూచున్నాడు.

—

కర్నూలు

అత్తకు,

హాస్టల్ పప్పుచారు తిని కూడా బతికున్న మేనకోడలు రాస్తున్నది.

ఒకరి మాట మనకు నచ్చలేదని తీసేయడం కుదరదు. కుదిరినా తీయకూడదు. రేపు ఎదురు హోటలువాళ్లూ అదే పని చేస్తే, తిండి ఎక్కడ బాగుంటుందో ఎవరికి తెలుస్తుంది? దీనికి మందు ఒకటే. నీ వంట తిన్న మంచివాళ్ల చేత నాలుగు మాటలు రాయించు. చర్చిలో చెప్పు. పొగడమని మాత్రం అడగొద్దు. తిన్నప్పుడు ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాయమను. కొత్తవి వచ్చేకొద్దీ భూపేష్ అడుక్కి పోతాడు.

నీ జెస్సీ

తా.క.: ఇదంతా మా మార్కెటింగ్ పుస్తకంలోనే ఉంది. భయపడకు.

—

బేతంచెర్ల

జెస్సీకి,

ఖాళీ బల్లల నడుమ నుంచి మీ అత్త వందనాలు.

నువ్వు చెప్పినట్టే చేశాను. ఆదివారం ఆరాధన అయ్యాక సంఘపెద్ద లేవి మామ లేచి, "సంతోషమ్మ మెస్సు గురించి అందరూ ఫోన్లో సాక్ష్యం చెప్పల్ల" అన్నాడు. అందరూ చెప్పారు. ఫోన్ లేనివాళ్లు పక్కవాళ్ల ఫోన్లో చెప్పారు. భూపేష్ నిజంగానే అడుక్కి పోయాడు.

మర్నాటి నుంచి మెస్సులోకి ఈగ కూడా రావడం లేదు. ఎదురు హోటలతను వచ్చి, "అక్కా, ఎవురికీ ప్రాణం మీదికేం రాలేదు కదా?" అని అడిగిపోయాడు. గిడ్డయ్య ఒక బండ తెచ్చి గోడకు ఆనించి చూసుకున్నాడు.

ఆ పుస్తకం మళ్లీ ఒకసారి చదువు.

సంతోషమ్మ

తా.క.: అందరూ ఒక్కో నక్షత్రమే వేశారు. జ్ఞానులు ఒక్క నక్షత్రం చూసుకునే బేత్లెహేముకు పోయినారు, బేతంచెర్లకు అయిదు ఏంటికి అన్నాడు లేవి మామ.

—

కర్నూలు

అత్తకు,

తల పట్టుకున్న చేత్తోనే మేనకోడలు రాస్తున్నది.

అన్నీ చదివాను. మన చర్చిలో సాక్ష్యం ఎట్లా చెబుతారో పుస్తకం రాసినవాళ్లకు తెలియదు. ముందు కష్టం చెప్పాలి, తర్వాత దాన్నుంచి దొరికిన విడుదల. కష్టం ఎంత పెద్దదైతే సాక్ష్యం అంత గొప్పది. రెజీనా పిన్ని ఇట్లా మొదలుపెట్టింది: "నేను కడుపు పట్టుకుని దొర్లాను. బతుకుతానని ఎవరూ అనుకోలేదు." లేవి తాత: "ఇక్కడ సంగటి తిని మరణపు లోయలో నడిచాను."

ఫోన్లో మొదటి రెండు వరుసలే కనిపిస్తాయి. మిగతాది 'ఇంకా చదవండి' వెనక దాక్కుని ఉంటుంది. నొక్కి చూశాను. లేవి తాతను ఆ లోయలో దింపింది ముద్ద మీద ముద్ద లాగించిన తన తిండిపోతుతనమేనట, సంగటి మాత్రం ఆకాశం నుంచి కురిసిన మన్నాలా ఉందట. పిన్ని కడుపునొప్పి పెళ్లి బిర్యానీ వల్ల వచ్చిందట, నీ మజ్జిగ తాగాకే తగ్గిందట. అంతదాకా చదివేలోపు రైలు ఎర్రగుంట్ల చేరుతుంది.

అందరి చేతా తీయించు.

జెస్సీ

తా.క.: ఇప్పుడు నీ మెస్సు గురించి ఉన్నవాటిలో మంచి మాట భూపేష్‌దే.

—

బేతంచెర్ల

జెస్సీకి,

ఏం చేయాలో తోచని అత్త వందనాలు.

తీయకూడదన్నదీ నువ్వే, తీయించమన్నదీ నువ్వే. అయినా అడిగాను. లేవి మామ మండిపడ్డాడు. "పదిమందిలో చెప్పిన సాక్ష్యం కాదనేకి నేనేమన్నా ప్రభువునే ఎరగనన్న పేతురునా? కోడి కూస్తాది!" అన్నాడు. రెజీనా అయితే ఇంకో రెండు కష్టాలు కలిపింది.

ఈలోగా ఈరేష్ అనే అబ్బాయి వాళ్ల అవ్వను వెంటబెట్టుకుని రాయచోటి నుంచి దిగాడు. "అవ్వకు మోకాళ్ల నొప్పులు. ఈడ తింటే పోతాయంట కదా, అన్నీ కడదాకా చదివినా" అన్నాడు. కడదాకా చదివింది ఈ ఒక్కడే. మెస్సు నిలబడాలని నాకూ ఉంది గానీ, అబద్ధం చెప్పి కూడు పెట్టలేను. "నా సంగటికి ఆకలే పోతాది నాయనా, మోకాళ్ల నొప్పి పోదు. ప్రార్థన కావాలంటే చర్చికి పోండి" అన్నాను. తినకుండానే పోయారు.

నెలాఖరుకు గది ఖాళీ చేయమన్నాడు గిడ్డయ్య.

సంతోషమ్మ

తా.క.: పేతురు మాట వచ్చినప్పటి నుంచి పెరట్లో కోడి గర్వంగా తిరుగుతోంది. రేపటి కూరకు దాన్నే అనుకున్నా.

—

బేతంచెర్ల

జెస్సీకి,

నీ జవాబు రాకముందే మళ్లీ రాస్తున్న అత్త వందనాలు. చేతినిండా పని ఉంది, పొడి పొడిగా రాస్తా.

మన చర్చి కూడా మ్యాపులో ఉందట. ఈరేష్ దాని కింద రాశాడు: "ప్రసంగం చాలా పొడుగు. మధ్యలో లేవనివ్వలేదు. అవ్వ మోకాళ్లు ఇంకా పట్టుకున్నాయి. తినడానికేమీ పెట్టలేదు. ఒక్క నక్షత్రం." ఫ్యాక్టరీ క్వార్టర్సు నుంచి కొత్తగా వచ్చే కుటుంబాలు ఆ తర్వాతి ఆదివారం రాలేదు. సోమవారం పొద్దున్నే లేవి మామ నా పొయ్యి ముందు నిలబడ్డాడు.

"జెస్సీకి చెప్పి అది తీపియ్యి సంతోషమ్మా."

"సాక్ష్యం కదా మామా. కోడి కూయదా?"

"అది సాక్ష్యం యాడిది? ఆకలి మీద రాసినాడు."

"ఆకలైతే కూడు పెట్టల్ల. నోరు మూపిస్తే ఆకలి తీరతాదా?"

మామ పొయ్యి మీది గిన్నె మూత ఎత్తి చూశాడు. "ఎంతమందికి వండగలవు?" అన్నాడు.

ఇకనుంచి ప్రతి ఆదివారం ఆరాధన తర్వాత చర్చిలో అందరికీ భోజనం నా మెస్సు నుంచే, డబ్బు సంఘానిది. నేనూ ఒక షరతు పెట్టాను. అందరూ సాక్ష్యాలు తిరగరాయాలి, విడుదల ముందు, కష్టం వెనక, నక్షత్రాలు మాత్రం బేత్లెహేము లెక్కన వద్దు. రాశారు. రైలువాళ్లు మళ్లీ వస్తున్నారు. గిడ్డయ్య తన బండ తానే మోసుకుపోయాడు.

నువ్వేమీ తీయనక్కర్లేదు.

మీ అత్త,
సంతోషమ్మ

తా.క.: ఈరేష్ అవ్వతో మళ్లీ చర్చికి వచ్చి, తిని, అయిదు నక్షత్రాలు వేశాడు. "ప్రసంగం ఇంకా పొడుగే. సంగటి కోసం కూచోవచ్చు" అని రాశాడు. అందులో మొదటి ముక్క ఒక్కటీ తీసేసే వీలుందేమో నిన్ను అడగమన్నాడు లేవి మామ.