పాఠం మధ్యలోంచి

అమ్మా,

పిల్లలకు చదవడం నేర్పే టీచర్లను తయారుచేసే ప్రొఫెసరుగా నాకిది ముప్పయ్యో ఏడు. ఈ రోజు మస్తూరీ అనే ఊళ్లో బడిలో, టీచర్ల ముందు, ఒక పాపను పాఠం మధ్యలోంచి చదవమన్నాను. ఆ పిల్ల మొదటి వాక్యం నుంచే అందుకుంది. “చదవడం రాదు, బట్టీ పట్టింది,” అని వాళ్లకు చెప్తూ ఆగిపోయాను.

బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లో పూజ పుస్తకం చదివే నిన్ను మధ్యలో పిలిస్తే, మళ్లీ మొదలుపెట్టేదానివి. “నడాన ఆపితే మొదట్నుంచీ సదవాల, నేకపోతే పున్నెం రాదే,” అనేదానివి. నమ్మాను.

చివర్లో నీకు వినబడక, ఆస్పత్రిలో కాగితం మీద రాసి చూపించాను: “ఆపరేషన్ చేయించనా, ఇంటికి తీసుకెళ్లనా?” అక్షరాల మీద వేలు జరిపి, తలూపావు. ఆపరేషన్‌కి సంతకం పెట్టాను. థియేటర్‌లోంచి నువ్వు తిరిగి రాలేదు.

రెండింటిలో దేనికి తలూపావని నేను అడగలేదు.