చప్పుడు లేని పంపు

చిరంజీవి తమ్ముడికి, పెద్దక్క దీవించి రాసేది.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. ఈ మాట రాసి కాసేపు కలం పక్కన పెట్టాను. కొట్టేయడం లేదులే. నువ్వూ, మరదలూ, పాపా బాగున్నారని తలుస్తాను. పాప అడుగులేస్తోందన్నావు, సంతోషం.

నీ ప్రశ్నల్లో ముందు ట్రాక్టరువి. హైడ్రాలిక్ నూనె నిండుగానే ఉంది, నేనే చూశాను. కానీ తెల్లగా నురగ కట్టింది. ఫిల్టరు విప్పి కడిగారు, అందులో ఏమీ లేదు. నాగలి ఎత్తేటప్పుడు పంపు ఏడుస్తోందా అన్నావు. లేదని మీ బావ ఒట్టేసి చెబుతున్నారు.

చిక్కంతా అక్కడే. షెడ్డులో నాగలిని బుద్ధిగా ఎత్తుతుంది. పొలంలో నూనె వేడెక్కాక సగంలో వణికి ఆగిపోతుంది. నీతో కలిసి పని నేర్చుకున్న మెకానిక్కు, అదే మనం గ్రీజు అని పిలిచేవాడు, రెండుసార్లు వచ్చి షెడ్డులోనే చూసి తల గోక్కున్నాడు.

"నురగ చూస్తే గాలి పీలుస్తున్నట్టుంది అక్కా. గాలి పీలిస్తే పంపు గోల పెట్టాలి. బావేమో చప్పుడే లేదంటాడు. అయితే పంపు లోపలే అరిగిపోయుంటుంది."

ఆ పాత మోడలుకు పంపు దొరకదట. బండి అమ్మేద్దామని మీ బావ తేల్చేశారు. బండి లేకపోతే ఆయన ఏమైపోతారో నాకు తెలుసు. పంపు చెడిపోకూడదని రోజూ దేవుణ్ని అడిగాను.

మొన్న పొలానికి మంచినీళ్లు తీసుకెళ్లాను. గట్టు చేరకముందే వినిపించింది. నాగలి లేపిన ప్రతిసారీ గొంతు నొక్కినట్టు సన్నగా ఒకటే కీచు. నేను చెవులు మూసుకున్నాను. మీ బావ సీటు మీద హాయిగా కూర్చుని ఉన్నారు.

"ఏమండీ, ఆ కీచేమిటి?" ఆయన పక్కకు వెళ్లి అరిచాను.

"ఏ కీచు? నీకు చెవులు మరీ ఎక్కువ."

గ్రీజును పొలానికే పిలిపించాను.

"ఇంత గోల పెడుతుంటే చప్పుడు లేదంటావేంటి బావా!" అంటూ, పంపుకు నూనె వచ్చే గొట్టం అతుకు మీద దట్టంగా గ్రీజు పూశాడు. కీచు తగ్గిపోయింది. అక్కడి రబ్బరు రింగు ఎండి పగిలిందట, గాలి అందులోంచే లోపలికి పోతోందట. రింగు మార్చాడు. పంపు నిక్షేపంలా ఉంది. బండి అమ్మక్కర్లేదు.

ఇక నీ ఆఖరి ప్రశ్న. బావ ఫోను మధ్యలో పెట్టేస్తున్నారు, నా మీద కోపమా అన్నావు. కోపం కాదురా. లైను బాగోలేదంటారు, నేనూ నమ్మాను. పెళ్లైనప్పటినుంచీ నా మాట పట్టించుకోని మనిషి, ఇప్పుడు నిజంగానే వినపడటం లేదని నాకెలా తెలుస్తుంది?

నిన్న ఆయన బండి వెనక్కి తీస్తున్నారు. నాగలి వెనక నేనున్నాను. "ఆగండి" అని అరిచాను. ఆగలేదు. పక్కకు దూకాను. ఇది ఎవరికీ చెప్పలేదు, ఆయనకు కూడా. చెబితే తాళంచెవి నా చేతిలో పెట్టి మళ్లీ బండెక్కరు. చెప్పకపోతే రేపు ఆ నాగలి వెనక ఎవరుంటారో.

పంపు బాగుండాలని అడిగాను, బాగుంది. ఇప్పుడు దేవుడి ముందు కూర్చుంటే ఏం అడగాలో తోచడం లేదు.

ఇవాళ పొద్దున నాగలి ఒక్క ఊపున లేచింది. పంపు చడీచప్పుడూ లేదు. మీ బావ నా వైపు తిరిగి నవ్వారు.

"చూశావా? చప్పుడే లేదని నేను మొదటినుంచీ చెబుతూనే ఉన్నా."

"అవునండీ," అన్నాను.

"ఆఁ?" అన్నారు.

ఒకసారి రా తమ్ముడూ. పంపు చూడటానికి వస్తున్నానని ఆయనకు రాయి.

ఇట్లు,
నీ రాక కోసం చూసే
పెద్దక్క