లావు తీగ

హిందూపురం,
ఆదివారం సాయంత్రం.

ధర్మవరంలో ఉన్న మా పెద్దక్క లక్ష్మీదేవికి తమ్ముడు రామాంజులు దండం పెట్టి రాస్తున్నది.

అక్కా, నువ్వూ బావా పిల్లలూ బాగున్నారని తలుస్తాను. ఆపరేషన్ తర్వాత కంటిచూపు కుదిరిందా? బావ దగ్గు తగ్గిందా? మగ్గం మీద చీర దించేశారా, ఇంకా ఉందా? నేనిక్కడ క్షేమం. సుజాత నన్ను బాగా చూసుకుంటోంది. అల్లుడు ఒక్క మాట అనడు. ఒంటికేమీ కాలేదు, నిజంగా కాలేదు, దిగులు పెట్టుకోవద్దు. బాగాలేనిది వేరే ఉంది. ఫోన్లో చెబుదామని రెండుసార్లు చేశాను. నీ గొంతు వినగానే "తిన్నావా" అని అడిగి పెట్టేశాను. అందుకే ఈ ఉత్తరం. మనవరాలి చేత చదివించుకోవద్దు, నిదానంగా నువ్వే చదువుకో.

నీ మరదలు శాంత పోయాక కూతురింటికి వచ్చి నాలుగు నెలలైంది కదా. తిండికి లోటు లేదు. పొద్దున రాగిముద్ద, సాయంత్రం బొరుగులు. నువ్వు పంపిన చెనిక్కాయల పొడి అయిపోయింది, ఎవరైనా ఇటు వస్తే మళ్ళీ ఇంత పంపు. కింద కూరగాయలమ్మే ఆమె "దుడ్లు" అంటుంది, నేను "డబ్బులు" అంటాను, ఇద్దరికీ అర్థమవుతుంది. పొద్దు మాత్రం పోదు. సుజాత బడికి, అల్లుడు ఫ్యాక్టరీకి పోతే నేనూ గోడలూ మిగులుతాం.

హిందూపురం చల్లగా ఉంటుందని నువ్వే చెప్పి పంపావు. ఈ ఎండాకాలం ఆ మాట ఒట్టిదైంది. మాది నాలుగో అంతస్తు, నెత్తిన స్లాబు. మీ ఇంట్లో మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే ఎంత చల్లగా ఉండేది! ఇక్కడ మధ్యాహ్నమైతే మంచం కూడా కాలుతుంది. అల్లుడు నా గదికి ఏసీ పెట్టించాడు. మొదటిరోజు నేను దాన్ని తిట్టాను. పెనుకొండ సెక్షన్‌లో ముప్ఫై ఏళ్ళు నడిఎండలో స్తంభాలెక్కినవాణ్ణి, నాకీ సోకులెందుకని అన్నాను. పది రోజులయ్యేసరికి అది లేనిదే ఊపిరాడని స్థితికి వచ్చాను. ముసలితనం ఇలా వస్తుందని ఎవరూ చెప్పలేదక్కా. మోకాళ్ళు ముందు పోతాయనుకున్నాను, రోషం ముందు పోయింది.

లైన్‌మన్ బుద్ధి కదా, ఖాళీగా కూర్చుని మా అపార్ట్‌మెంట్ లోడు లెక్కేస్తుంటాను. మన జేజినాయన ముసలితనానికి ఏం కావాల్సి వచ్చింది? ఒక నులకమంచం, ఒక చెంబు నీళ్ళు. ఇప్పుడు మోకాళ్ళకు లిఫ్టు, స్నానానికి గీజరు, ఉక్కకు ఏసీ. రెండో అంతస్తు పెద్దాయనకైతే ఊపిరి కూడా మిషనే ఇస్తుంది. ఒంట్లో బలం తగ్గే కొద్దీ గోడలోని తీగ నుంచి తెచ్చుకుంటున్నాం. సుజాత కరెంటు స్కూటర్ కొనింది. ముందు ముందు పొయ్యి కూడా కరెంటేనట. కొండల మీద గాలిమరలు, చేలల్లో సోలార్ పలకలు వచ్చినప్పుడు ఇంత కరెంటు ఎవరికిరా అనుకునేవాణ్ణి. నాకేనని ఇప్పుడు తెలిసింది. రేపు ముసలివాళ్ళం ఇంకా ఎక్కువవుతాం, ఇంకా ఎక్కువేళ్ళు బతుకుతాం. ఆ బరువంతా తీగలు ఎలా మోస్తాయో నాకైతే తెలియదు.

ఇక అసలు సంగతి. ఇక్కడ కరెంటు పోతే జనరేటర్ వేస్తారు. దాని మీద లిఫ్టు నడుస్తుంది, ఇంటికి రెండు లైట్లు, రెండు ఫ్యాన్లు. అంతకు మించి వాడకుండా ఇంటికొక ఫ్యూజు. ఇదంతా చూసుకునే మనిషి మస్తాన్. ముప్ఫై అయిదేళ్ళవాడు, ఇద్దరు ఆడపిల్లలు. నేను కరెంటు డిపార్ట్‌మెంటులో చేశానని తెలిసినప్పటి నుంచీ "సార్, సార్" అంటూ తిరుగుతాడు. మీటర్ల గది తాళం చెవి కూడా నా చేతికిచ్చాడు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టయింది.

ఒకరోజు మస్తాన్ అన్నానికి పోయినప్పుడు నేను ఆ గదిలోకి పోయాను. నా ఏసీని జనరేటర్ లైనుకు కలిపాను. మా ఫ్యూజులో సన్న తీగ తీసేసి లావు తీగ చుట్టాను. ఎంత లోడు లాగినా అది తెగదు. చెయ్యి వణకలేదు, పని మరిచిపోలేదు. ఆ పూట నాకు గర్వంగా కూడా అనిపించింది, నిజం చెబుతున్నాను.

అక్కా, ఈ పని చేసినందుకే నేనొకప్పుడు చెన్నేకొత్తపల్లి దగ్గర ఓబులేసనే రైతును ఊరి ముందర నిలబెట్టి తిట్టాను. బోరు ఆడాలని ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజులో లావు తీగ చుట్టాడు. "చెనిక్కాయ చెట్టు ఎండిపోతాందప్పా, కండ్లారా చూస్తా ఎట్లుండేది?" అన్నాడు. "నీ వయసుకు తగిన పనేనా ఇది? ఊరంతా చీకటైతే నీకేం పట్టదా?" అని అరిచాను. ఆయనకప్పుడు ఇప్పటి నా వయసు ఉంటుంది. ఆయనకు పంట ఎండింది. నాకు చెమట పట్టింది, అంతే.

పోయిన నెల చివర్లో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. జనరేటర్ వేశారు, నా ఏసీ ఆడుతోంది. అప్పుడే మూడో అంతస్తు గౌరమ్మ లిఫ్టెక్కింది. అగళి నుంచి కొడుకు దగ్గరకు వచ్చిన మనిషి, నీ ఈడుది, మోకాళ్ళు ఆడవు. లిఫ్టు, ఏసీ రెండూ ఒకేసారి లాగేసరికి జనరేటర్ ఆగిపోయింది. ఆమె అంతస్తుల నడుమ ఇరుక్కుపోయింది. మస్తాన్ రెండుసార్లు స్టార్ట్ చేశాడు, రెండుసార్లూ ఆగింది. తలుపు బాదుతున్న చప్పుడు నా గదిలోకి వినిపిస్తోంది. "యారప్పా, తెగీరప్పా" అని కన్నడంలో అరుస్తోంది, ఎవరప్పా, తెరవండప్పా అని. అప్పటికి గానీ నేను లేచి ఏసీ స్విచ్చు ఆపలేదు. మూడోసారికి జనరేటర్ ఆడింది. ఆమెను బయటికి తీసేసరికి చీరంతా తడిసి ముద్దయింది. నేను కూడా మెట్ల మీద నిలబడి "అయ్యో" అన్నాను.

ఆ ఆదివారం మీటింగు పెట్టారు. మస్తాన్ జనరేటర్ సరిగ్గా చూసుకోలేదని అందరూ మీద పడ్డారు. నన్నే అడిగారక్కా, "మీరు తెలిసినవాళ్ళు, ఏం జరిగిందో చెప్పండి" అని. తేలు కుట్టిన దొంగలా కండువా సర్దుకున్నాను. తర్వాత "మెయింటెనెన్స్ సరిగ్గా లేదేమో" అన్నాను. ఆ ఒక్క మాటతో వాణ్ణి నెలాఖరుకు వెళ్ళిపొమ్మన్నారు. మస్తాన్ నా వైపు ఒకసారి చూసి, మీటర్ల గదికి పోయాడు.

అప్పటి నుంచి ఏసీ వేసుకున్నా నిద్ర లేదు. గౌరమ్మ లిఫ్టంటే భయపడి కిందికి దిగడం మానేసింది. పది రోజులు అలాగే ఉన్నాను. పదకొండో రోజు మీటర్ల గదికి పోయి మస్తాన్‌తో అంతా చెప్పేశాను. వాడు తుడుస్తున్న గుడ్డ కింద పెట్టి, "నాకు ఆ పొద్దే తెలుసు సార్. ఫ్యూజులో తీగ చూసినా" అన్నాడు.

"మరి మీటింగులో ఎందుకు చెప్పలేదప్పా?"

"మీకు వయసైపోయింది కదా సార్. ఉక్కకు తట్టుకోల్యాక చేసింటారులే అనుకున్యా. పెద్ద మనిషిని నలుగుర్లో నిలబెట్టేది ఎట్ల? నాకు యాడైనా పని దొరుకుతాదిలే."

తల కొట్టేసినట్టయిందక్కా. వాడి పిల్లల నోటికాడి ముద్ద నేను లాగితే, వాడు నా పరువు కాపాడాలని చూశాడు. అదీ నా మంచితనం చూసి కాదు, నా ముసలితనం చూసి.

ఈ పొద్దు మళ్ళీ మీటింగు పెట్టించి అందరి ముందరా చెప్పాను. తీగ మార్చింది నేనే, అబద్ధమాడింది నేనే అన్నాను. మస్తాన్‌ను ఉంచుకుంటామన్నారు, అది ఒక్కటి బాగైంది. నన్ను ఏమంటారో అని తలొంచుకుని నిలబడితే, "పోనీలేండి, పెద్దాయన" అన్నారు. అల్లుడు కుర్చీ తెచ్చి వేశాడు. సుజాత కళ్ళు తుడుచుకుని, "నాకు చెప్పింటే ఇన్వర్టర్ పెట్టించింటా కదా నాయనా" అంది. గౌరమ్మ దగ్గరికి పోయి దండం పెడితే, "ఇర్లి బిడప్పా, పోనీలే, వయసైనాక అందరికీ ఉక్కే" అని మజ్జిగ ఇచ్చింది. రేపటి నుంచి ఆమెతో పాటు లిఫ్టులో నేనూ ఎక్కి దిగుతానన్నాను. చూద్దామంది.

బావకు నా నమస్కారాలు చెప్పు. పిల్లలకు దీవెనలు. ఎండలో తిరగొద్దు, కంటికి చుక్కలు మరవొద్దు.

ఒక్కటి అడుగుతాను. నీ ఆశీర్వాదం ఈసారి వద్దక్కా. ఇక్కడ ఒక్కరూ నన్ను తిట్టలేదు, తిట్టే వయసు దాటిపోయాను కాబోలు. అమ్మా నాయనా లేరు, శాంత లేదు, మిగిలింది నువ్వే. ఎవరి చేతా రాయించకుండా, "ఒరే రామాంజులూ, సిగ్గులేదేమిరా నీకు" అని నీ చేత్తోనే రాసి పంపు. అది చదివితే నేనింకా మనిషి లెక్కలోనే ఉన్నానని నమ్ముతాను.

ఆ మాట కోసం కాచుకుని ఉన్న
నీ తమ్ముడు
రామాంజులు