గుమ్మడి మగపువ్వులు

మంగళవారం, జగిత్యాల

పొద్దున తొమ్మిదో తరగతికి పువ్వు పాఠం చెప్పాను. కేసరాల పుప్పొడి కీలాగ్రానికి చేరకపోతే అండాశయం కాయగా మారదని బొమ్మ గీసి మరీ చెప్పాను.

ఇంట్లో మాత్రం అత్తమ్మ, పిందె లేనివి ఉత్త పువ్వులే కదా అని, బతుకమ్మ కోసం గుమ్మడి మగపువ్వులన్నీ రోజూ తెంపేస్తోంది. పిందెలన్నీ కుళ్లి రాలుతున్నాయి.

"గొడ్డు తీగ. పీకి పారేస్త," అంది సాయంత్రం.

"మగపువ్వులు తెంపితే కాయెట్లయితది అత్తమ్మా? తీగ తప్పు కాదు."

"పెండ్లయి ఏడేండ్లాయె. కాయల సంగతి నీకేమెరుక?"

ఆయన అక్కడే అరుగు మీద కూర్చుని ఉన్నారు. లోపం ఆయనదేనని డాక్టరు రాసిచ్చిన కాగితం బీరువాలో ఉంది. ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు. ఆయన నోరు విప్పుతారేమోనని చూశాను.

అత్తమ్మ ఒక్కతే లాగితే తీగ రాలేదు. ఆయన లేచి వెళ్లి ఓ చెయ్యి వేశారు.