గెడ్డ అవతలి కూత

నవంబర్ 5

ఈ డైరీ కాఫీ గింజలు కొనే కంపెనీ వాళ్ళిచ్చింది. పోయినేడాదిది. వారాలు తప్పు, తేదీలు కరెక్టు. మా ముసలిదాని బీపీ రోజూ ఇందులో రాయమని మనవరాలు సోఫియా ఆర్డరు. సోఫియా ఊళ్ళో హెల్త్ సెంటర్లో నర్సు, ఇంట్లో కలెక్టరు.

బీపీ రాయడానికి ఒక్క గీత చాలు. మిగతా పేజీ ఖాళీగా వదిలితే కాగితం దండగ. నాది మిషన్ స్కూల్లో అయిదో క్లాసు. తప్పులుంటే ఉంటాయి, ఎవడు చదువుతాడు.

ఈ రోజు మా ముసలిదాన్ని, అదే సంతోషమ్మను, కంటి ఆపరేషన్‌కి తీసుకెళితే రెండోసారి వెనక్కి పంపేశారు. బీపీ 192. నూట అరవై లోపుకి దిగితేనే కత్తి పెడతారట. మళ్ళీ 27న రమ్మన్నారు. అప్పుడూ దిగకపోతే ఆ డాక్టరు కొండెక్కేది మళ్ళీ వేసవి పోయాకే. అప్పటిదాకా ఆ కాస్త చూపు ఆగదని సోఫియా నాకు చాటుగా చెప్పింది.

నిన్న పక్కింటి సర్వేశ్వరరావు చొక్కా నాదనుకుని మడతపెట్టి మా పెట్టెలో పెట్టింది. ఇది ఎప్పట్నుంచి సాగుతోంది అని అడిగాను. చీపురు విసిరింది. గురి తప్పింది. కళ్ళు నిజంగానే పోతున్నాయి.

నవంబర్ 7

188.

సోఫియా ఫోన్లో వీడియో చూపించింది. ఫారెస్ట్ బాతింగ్ అట. అడవిలో ఊరికే కూర్చోవాలి. మాట్లాడకూడదు. ఆకు వాసన చూడాలి, చెట్టు మీద చెయ్యి వెయ్యాలి, మెల్లగా నడవాలి. బీపీ దిగుతుందట. మాత్రలు మాత్రం మానకూడదట.

కాఫీ తోటలో నలభై ఏళ్ళు వాచర్‌గా చేశాను. జీతమిచ్చి మరీ నాకు ఆ స్నానం చేయించారన్నమాట. తెలిస్తే సబ్బు కూడా అడిగేవాణ్ణి. ఈ మాట అంటే, ఏటి తాతా నీకన్నీ ఎకసెక్కాలే, నానమ్మ కళ్ళు పోతన్నాయి, బేగి మంచి జాగా సూడు అంది.

సంతోషమ్మ మంచం మీంచి, నాకు అడవెందుకే గుంటా, మీ తాతని అడవికి పంపేస్తే ఇల్లే అడవిలా సల్లగుంటాది అంది.

నవంబర్ 8

జలపాతం దగ్గరికి తీసుకెళ్ళాను. నా చిన్నప్పుడు అక్కడ మా మేక తప్పిపోతే రెండు రోజులకి గాని దొరకలేదు. ఇప్పుడు కార్లు తప్పిపోయేటన్ని కార్లు. బొంగు చికెన్ పొగ. ఎవడో మైకు పెట్టి డాన్సు. నల్ల కళ్ళద్దాల అమ్మాయి సంతోషమ్మని రాయి మీద కూర్చోబెట్టి రీల్ తీసుకుంది. ముసలిదానికి బాగానే నచ్చింది. బీపీకి నచ్చలేదు. 194.

నవంబర్ 9

ఆదివారం. చర్చిలో నా కోసం కూడా ప్రార్థన చేశానంది సంతోషమ్మ. నాకు మాట తగ్గాలని.

నవంబర్ 10

నా పాత కాఫీ తోట. సిల్వర్ ఓక్ చెట్లు, మిరియాల తీగలు, నీడ. మంచి జాగా. కానీ పళ్ళు కోసే రోజులని మరిచిపోయాను. వరసకొకరు ఫోన్లో పాటలు పెట్టుకుని కోస్తున్నారు. పైగా అందరికీ నేను తెలుసు. ఓ తాతా ఇంకా బతికే ఉన్నావేటి అని ఒకత్తి. నిన్ను చూసి ఆగిపోయాను అని నేను. గంటసేపు నవ్వులే. సోఫియా నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

186. పదిహేడు రోజులే ఉన్నాయి.

నవంబర్ 12

దొరికింది.

బుధు మా పక్క గూడెం పెద్ద. నాకు చిన్ననాటి నేస్తం. పళ్ళు మూడున్నాయి, మూడూ ఒక పక్కనే. వాళ్ళ గూడెం వెనకాల వాగు, మేం గెడ్డ అంటాం, అది దాటితే గొడ్డలి పడని అడవి ఉంది. వాళ్ళ పెద్దల కాలం నుంచీ అక్కడ పుల్ల కూడా విరవరు. నేను వాచర్‌గా ఉన్నప్పుడు కూడా అడక్కుండా అడుగు పెట్టలేదు. ఆ అడవిలో మా ముసలిదాన్ని కూర్చోబెట్టనిస్తావా నేస్తం అని అడిగాను.

బుధు, సెప్పులు గెడ్డ ఇవతల ఇప్పాల, ఆకు కూడా తుంచకూడదు, ఆమెని రానీ, నిన్ను మాత్రం రానివ్వను, నువ్వు నోరు తెరిస్తే సెట్టు మీదున్న పిట్ట కూడా ఎల్లిపోద్ది అన్నాడు. సోఫియా మొహంలో అంత ఆనందం ఎప్పుడూ చూడలేదు.

మద్ది చెట్ల కింద చల్లగా, తడి మట్టి వాసన. సోఫియా నానమ్మని కూర్చోబెట్టి సెంటరుకి పోయింది. నేనూ బుధూ గెడ్డ ఇవతల బండ మీద కాపలా.

అడవన్నాక మనిషి అలికిడి చెయ్యాలి. ఎలుగుకి మనం ఉన్నట్టు తెలియాలి, తెలిస్తే అదే తప్పుకుంటుంది. మాలో ఇంటికో కూత ఉంటుంది. మాది రెండు పొట్టి, ఒకటి పొడుగు. కూ, కూ, కూఊఊ. డ్యూటీలో ఉన్నప్పుడు సాయంత్రం గట్టెక్కి కూత పెట్టేవాణ్ణి. కింద ఇంట్లోంచి సంతోషమ్మ ఒక్కటే కూత జవాబు పెట్టి ఎసరు పెట్టేది. రిటైరయ్యాక ఆ జవాబు వినలేదు. ఇంట్లోనే ఉన్నవాడికి కూత ఎందుకు.

అరగంటకోసారి ఇవతల్నుంచి కూత పెట్టాను. మధ్యలో బుధు పళ్ళ మీద జోకులు.

174!

నవంబర్ 14

167. సంతోషమ్మ ఇంటికొచ్చి ఒక్క మాట కూడా అనకుండా అన్నం తింది. భయమేసింది.

నవంబర్ 16

చర్చి అయ్యాక వెళ్ళాం. 158.

మాట్లాడకుండా ఏం చేస్తావే అక్కడ అని అడిగాను. ఇంటాను అంది. ఏం వింటావు అంటే, నీకెందుకు అంది.

నవంబర్ 17

సోఫియా మధ్యాహ్నం చెప్పకుండా వచ్చి నేను కూత పెట్టడం చూసేసింది. వీడియోలో చెప్పింది పూర్తి నిశ్శబ్దం, ఇలా అరుస్తుంటే నానమ్మకి మనసు ఎలా నిలుస్తుంది, నువ్వు లేకపోతే ఇంకో పది పాయింట్లు దిగేది అంది. రేపట్నుంచి నేను ఇంట్లో ఉండాలి. బుధు గూడెం నుంచి ఒక ఆడమనిషి, కనక, ముసలిదాన్ని తీసుకెళ్ళి తీసుకొస్తుంది.

సంతోషమ్మ ఏమైనా అంటుందేమోనని చూశాను. హమ్మయ్య, పేణం సుఖంగా ఉంటాది అంది.

నవ్వాను. అందరికంటే గట్టిగా నవ్వాను.

యాభై రెండేళ్ళు ఆటపట్టించాను. దాని బీపీ అంతా నేనేనేమో.

నవంబర్ 18

ఇంట్లోనే. 165.

నవంబర్ 19

171. ఎండుచేపల వల్లే అని సోఫియా డబ్బా పట్టుకుపోయి సెంటర్లో బీరువాలో తాళం వేసింది. ఇప్పుడు సెంటరంతా ఆ వాసన. రోగులు వాసనకే లేచి వెళ్ళిపోతున్నారట. నాకు నవ్వు కూడా సరిగ్గా రాలేదు.

నవంబర్ 20

177. చేపలు లేవు, ఉప్పు లేదు, నేను లేను. ఇంకేం తీసేస్తాం?

నవంబర్ 21

నుదుటి మీద నిమ్మకాయంత బుడిపె. పడుకుని రాస్తున్నాను.

మనసాగలేదు. దూరం నుంచి ఒక్కసారి చూసి వచ్చేద్దామనుకున్నాను. సోఫియా మాట కూడా దక్కాలి కదా. అందుకని దగ్గు రాకుండా నోట్లో కండువా కుక్కుకుని, చెప్పులు విప్పి, గెడ్డ దాటి, ఎండుటాకు చప్పుడు కాకుండా పిల్లిలా వెళ్ళాను. నలభై ఏళ్ళు అడవిలో ఉండి ఒక్కసారి కూడా చెయ్యని పని. చప్పుడు చెయ్యకుండా వచ్చేది మనిషి కాదని ఇక్కడ పాలు తాగే పిల్లకి కూడా తెలుసు.

కళ్ళు లేని మనిషి చెవులతో చూస్తుంది. పొద కదిలింది, మనిషి అలికిడి లేదు. ఎలుగనుకుంది. చేతికర్ర విసిరింది.

ఈసారి గురి తప్పలేదు.

కనక పరిగెత్తుకొచ్చింది. సోఫియా మిషన్ తెచ్చింది. 198. నన్ను తిట్టడానికి నోరు తెరిచింది.

అప్పుడు సంతోషమ్మ నా బుడిపె తడిమి చూసి, సోఫియాని తిట్టింది. ఒలే గుంటా, మీ తాత కూత ఇనబడితే బతికే ఉన్నాడు, గెడ్డ ఇవతలే ఉన్నాడు అనుకుని నిమ్మళంగా కూకునేదాన్ని, నాలుగు రోజులై కూత నేదు, కళ్ళా కానరావు, ఆడు ఏ రాయి మీద జారి పడ్డాడో అని అడివంతా ఇంటానే ఉన్నాను, ఇంకేటి బాతింగు అంది.

సోఫియా మిషన్ మడిచి సంచిలో పెట్టుకుంది. నేను ఏమీ అనకపోవడం ఇదే మొదలు.

తర్వాత ఈ డైరీ వెనక్కి తిప్పి చూశాను. నేను బండ మీద కూర్చున్న రోజుల్లో బీపీ దిగింది. ఇంట్లో కూర్చున్న రోజుల్లో ఎక్కింది. అయిదో క్లాసు వాడికి కూడా తెలిసే లెక్క. ముందే చూడాల్సింది.

నవంబర్ 22

కలెక్టరమ్మ కొత్త ఆర్డరు. అరగంటకోసారి కూత, మధ్యలో జోకులు వద్దు. సరేనన్నాను. బుధు పళ్ళ మీద ఒక్కటి మాత్రం వేశాను.

176.

నవంబర్ 24

164. బుధు కూడా తన ఇంటి కూత పెడతానన్నాడు. మూడు పళ్ళలోంచి గాలే వచ్చింది. అవతల్నుంచి సంతోషమ్మ నవ్వు వినిపించింది. నిశ్శబ్దం పోయింది, నష్టం లేదు.

నవంబర్ 26

152. ఎండుచేపల డబ్బా విడుదల కాలేదు.

నవంబర్ 27, మధ్యాహ్నం

ఆసుపత్రి. తెల్లారే జీపెక్కి వచ్చాం. సంతోషమ్మకి ఆకుపచ్చ గౌను, నెత్తికి టోపీ. పెళ్ళికూతురిలా ఉన్నావంటే తన్నింది. లోపలికి తీసుకుపోయారు. మగాళ్ళు బయట వరండాలో.

సోఫియా బయటికొచ్చింది. మొహం పాలిపోయింది. 182 అట. అరగంట ఆగి మళ్ళీ చూస్తారట, దిగకపోతే ఇంటికే. లోపల ఎవరి అడుగులో ఎవరి మాటలో తెలియక నానమ్మ మంచం కమ్మీ వదలట్లేదట. చెప్పి నా మొహంలోకి చూసింది. నేను దాని మొహంలోకి చూశాను. తాతా, కానియ్యి అంది.

వరండాలో నిలబడి పెట్టాను. కూ, కూ, కూఊఊ.

క్యూలో జనం లేచి నిలబడ్డారు. ఒక పిల్ల ఏడ్చింది. వాచ్‌మన్ కర్ర పట్టుకుని వచ్చి, ఏటి ముసిలోడా పిచ్చెక్కిందేటి అని నా కాలరు పట్టుకున్నాడు.

అప్పుడు లోపల్నుంచి వచ్చింది. ఒక్కటే. గొంతు కొంచెం ముసలిదైంది, అంతే.

వాచ్‌మన్ కాలరు వదిలేశాడు.

అరగంటకి 156. ఇప్పుడు లోపలున్నారు. ఇక రాయలేను.

నవంబర్ 28

కట్టు విప్పారు. నన్ను పైనించి కిందికి చూసి, నుదుటి మీద బుడిపె దగ్గర ఆగి నవ్వడం మొదలెట్టింది. జీపెక్కాక కూడా ఆపలేదు. ఎందుకో అడిగితే చెప్పదు.