కరియమ్మ బానెట్ కింద

విల్సన్ గార్డెన్, బెంగళూరు
16-11-1998, సోమవారం

నాయనకు అనసూయ దణ్ణం పెట్టి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ అమ్మ, నేను, మన నల్ల కారు కరియమ్మ ముగ్గురం బాగున్నాం. వర్తూరులో నువ్వూ మునివెంకటమ్మత్తా బాగున్నారని, నీ కోపం కూడా తగ్గకుండా బాగానే ఉందని తెలిసింది. అత్త కోడలు రంజితక్క ఇది నీకు చదివి వినిపిస్తుంది. మధ్యలో లేచిపోకుండా చివరిదాకా విను.

నీకు కావలసిన జవాబు ముందే చెప్పేస్తాను. కారులో నేను బిగించినవి తీయను.

మొన్న ఇంజను ఆపి దిగాక కూడా ముందు జాలీ లోపల గుయ్యిమని చప్పుడు వస్తుంటే, కందిరీగలు గూడు పెట్టాయనుకుని తడి గోనెపట్ట తెచ్చావు. బానెట్ ఎత్తితే కందిరీగలు కాదు, కరెంటు ఫ్యాను. డైనమో ఉండాల్సిన చోట ఇంకేదో ఉంది. గోనెపట్ట అక్కడే పడేసి, నీ చదువుకు నా బండే దొరికిందా అన్నావు. అవి తీసేదాకా స్టీరింగు ముట్టనని చెప్పి అత్త ఇంటికి వెళ్లిపోయావు. అవేమిటో, ఎందుకో ఒక్క మాట అడగలేదు. అడగకపోయినా చెబుతున్నాను.

పెండ్లి మెరవణిలో మన కారు బ్యాండు వెనక మనిషి నడకతో పోవాలి. యాభై ఆరో సంవత్సరంలో దాన్ని చేసినవాళ్లు రోడ్డు మీద పరుగెత్తడానికి చేశారు. అంత మెల్లగా పోతే ఇంజనుకు గాలి తగలదు, నీళ్లు మరుగుతాయి. ఆ నడకకు డైనమో కరెంటు పుట్టించలేదు, పూల మధ్య కట్టిన సీరియల్ లైట్లు మసకబారతాయి. అందుకే రేడియేటర్ ముందు ఫ్యాను పెట్టాను. నీళ్లు వేడెక్కితే దానంతట అదే తిరుగుతుంది, ఇంజను ఆపినా చల్లారేదాకా తిరుగుతుంది. డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టాను, ఇంజను ఎంత మెల్లగా తిరిగినా బ్యాటరీ నిండుతుంది. పెండ్లిళ్లు లేని భాద్రపదంలో నువ్వు జె.సి.రోడ్డులో రియాజన్న షెడ్డులో కారు వదిలినప్పుడు, ఆదివారాలు పోయి నా చేతులతో బిగించాను. బొమ్మసంద్రలో మా ఫ్యాక్టరీ తుక్కులోంచి, సూపర్‌వైజరును అడిగే, ఇనుప పట్టీలు తెచ్చుకున్నాను. అన్నిటికీ నల్లరంగు కొట్టాను. బయట ఒక్క స్క్రూ మారలేదు.

డాక్టరు వరూధినమ్మ ఈ కారు నీకే ఇచ్చేసి తాళం చేతిలో పెడుతూ, ఉన్నది ఉన్నట్టు చూసుకో మునియప్పా అన్న మాట నాకు తెలుసు. అన్నేళ్లు ఆమె దగ్గర డ్రైవరుగా చేసినవాడివి, ఆ మాట నీకు ఎంత ముఖ్యమో కూడా తెలుసు. కానీ ఆ మాట నిలబెట్టడానికి నీ చెయ్యి కాలాలా?

వైశాఖంలో కామాక్షిపాళ్యం మెరవణి గుర్తుందా? వీధి మధ్యలో కారు పొగలు కక్కి ఆగితే పెండ్లికొడుకు దిగి నడిచాడు. బండి మేము నూకితే డోలు ఎవురు కొట్టల్లప్పా అని బ్యాండువాళ్లు నవ్వారు. ఆ సిగ్గుతో నువ్వు తొందరపడి రేడియేటర్ మూత తిప్పావు, ఆవిరి మోచేతి దాకా కొట్టింది. ఇంటికొచ్చి సాంబారు పడిందన్నావు. ఆ రోజు నువ్వు పంక్తిలో కూర్చోనే లేదు, సాంబారు ఎక్కడ పడుతుంది? నెల రోజులు చొక్కా చేతులు దించుకునే తిరిగావు. అప్పుడే అనుకున్నాను, మాటలతో కాదు స్పానర్‌తో చెప్పాలని.

దీపావళి పోయాక మూడు మెరవణులు తోలావు. ఒక్కసారీ నీళ్లు మరగలేదు. ముసల్దయినా నా మాట వింటా ఉండాది, అంతా చేతి గుణమప్పా అని నువ్వు మీసం తిప్పుతుంటే నేను వెనకాల పూలు విప్పుతూ ఊరుకున్నాను. ఆ గొప్ప నీకే ఉండనీ అనుకున్నాను.

మన ఇంట్లో బడికి పోయింది నేనొక్కదాన్నే. పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ తీసుకుంటానంటే, ఆడపిల్లకు ఆ మసి చదువెందుకని అత్త అంది. చదవనీ, ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తాది అన్నది నువ్వే. పనికొచ్చింది. పనికొచ్చాక కోపగించుకుంటే నేనేం చేసేది?

వచ్చే ఆదివారం సాయంత్రం శ్రీనివాసప్ప కొడుకు మెరవణి. నువ్వు లేవని తెలిసి ఆయన నిన్న ఇంటికొచ్చాడు. నేను తోలుతానంటే, అది పెండ్లి కారా, డ్రైవింగ్ స్కూలా అన్నాడు. లైసెన్సు చూపించాను. వేరే పాత కారు కావాలంటే మాట్లాడుకోండి, దాంతోపాటు నీళ్ల బిందె, దాన్ని మోయడానికి ఒక మనిషిని కూడా మాట్లాడుకోండి అన్నాను. ఆయన, అంతా మీ నాయన నోరే వచ్చుండాది నీకు అని వెళ్లిపోయాడు. మన కారు వద్దనలేదు.

నువ్వు వస్తే స్టీరింగు నీది, నేను పక్క సీటులో కూర్చుంటాను. రాకపోతే నేనే తోలుతాను. ఎవరు తోలినా ఫ్యాను తిరుగుతుంది.

ఈ ఒక్క విషయంలో నీ మాట వినని నీ కూతురు,
అనసూయ

తా.క. రంజితక్కా, ఈ ముక్క అత్త పాలు పోయడానికి డెయిరీకి పోయినప్పుడు చదువు.

నాయనా, డైనమో విప్పితే దాని వెనక వాటర్ పంపు కనిపించింది. అది ఈ కారుది కాదు, జీపుది. అంచులు ఆకురాయితో అరగదీసి, చేతి డ్రిల్లుతో కొత్త రంధ్రాలు వేసి, ఇంజను రంగే పూసి ఉంది. రియాజన్న చూసి నవ్వాడు. ఇది మా అబ్బా షెడ్డులోనే మీ నాయన చేసిన పని, కాన్పు కేసుకు పోతా ఉంటే పాత పంపు చెడిపోయి డాక్టరమ్మను బండి దారిలో నిలబెట్టింది, ఆయప్ప తట్టుకోలేకపాయ, ఆమెకు చెప్పొద్దని మా అబ్బాతో ఒట్టేయించుకున్నాడంట అన్నాడు. అంటే నీకు తాళం ఇచ్చిన రోజున ఆమె ఉన్నది ఉన్నట్టు చూసుకోమన్న దాంట్లో నీ పంపు కూడా ఉంది.

దాన్ని నేను తాకలేదు. అసలువి కానివన్నీ తీయాల్సిందే అంటావా, శనివారం స్పానర్లతో సిద్ధంగా ఉంటాను. ముందు దేన్ని విప్పాలో నువ్వే వచ్చి చూపించు.